తనిఖీ చేసేవారిని తనిఖీ చేసేదెవరు?



2024 డిసెంబరులో మన ప్రసూతి వార్డులో జరిగిన ఒక సంగతి చెప్పి ఈ వ్యాసం మొదలుపెడతాను. కోసిగి దగ్గర ఒక పల్లె నుంచి ఒక పెద్దమ్మ తన కూతుర్ని కాన్పుకు తీసుకువచ్చింది. కడుపులో బిడ్డ అడ్డంగా ఉంది. పెద్దాపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పారు. ఆపరేషన్‌కు ముందు ఎక్కించవలసిన సెలైన్ బాటిల్ తీసుకుని నేను మంచం దగ్గరకు వెళ్లగానే ఆ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ బాటిలు పెట్టొద్దు సిస్టరమ్మా. బళ్లారిలో బాలింతలు సచ్చిపోయినారంట గదా, ఈ బాటిళ్ల వల్లనే."

"అది వేరే కంపెనీది పెద్దమ్మా. ఇది ఆ కంపెనీది కాదు" అన్నాను.

ఆమె ఊరుకోలేదు. "అది గుడక మంచిదే అనుకోని పెట్టింటారు గదా తల్లీ. మందు మంచిదో చెడ్డదో చూసేదానికి గవర్మెంటోళ్లు ఉండారు గదా. వాళ్లు సరిగ్గా చూసినారా లేదా అని చూసేవాళ్లు ఎవురూ లేరా?"

ముప్పై ఏళ్లకు పైగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. డాక్టర్లు, ఇన్‌స్పెక్టర్లు ఎన్నో ప్రశ్నలు అడిగారు గానీ ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆపరేషన్ తొందరలో ఆమెకు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఈ పేజీలో చెప్పాలని ప్రయత్నిస్తున్నాను. మనలో చాలామందికి ఇది ఉపయోగపడుతుంది.

బళ్లారిలో ఏం జరిగింది?

బళ్లారి మనకు పరాయి ఊరు కాదు. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు వైపు వారికి జబ్బు ముదిరితే కర్నూలుకు పరుగెత్తాలి, లేదా బళ్లారికి. అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మన ఆడపిల్లల్ని అక్కడికి ఇచ్చాం, అక్కడి వారిని ఇక్కడికి తెచ్చుకున్నాం. అందుకే ఆ వార్త మన పల్లెలకు ఒక్క రోజులో చేరింది.

2024 నవంబరు 9 నుంచి 11 వరకు బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన తల్లుల్లో కొందరి ఆరోగ్యం ఉన్నట్టుండి పాడైంది. అవయవాలు దెబ్బతిన్నాయి. ఐదుగురు తల్లులు చనిపోయారు. వారికి ఎక్కించిన రింగర్ లాక్టేట్ అనే ద్రావణం మీద అనుమానం పడింది. మేము వార్డులో దీన్ని 'ఆర్.ఎల్.' అంటాం. రక్తం, నీరు తగ్గినవారికి ఇది రోజూ వాడేదే. ఆ బాటిళ్లు పశ్చిమ బెంగాల్‌కు చెందిన పశ్చిమ్ బంగా ఫార్మాస్యూటికల్స్ తయారుచేసినవి.

ఇందులో మనం ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ కంపెనీ ద్రావణం మీద కర్నాటక అధికారులకు అంతకు ముందే అనుమానం వచ్చింది. కొన్ని బ్యాచ్‌లు రాష్ట్ర ప్రయోగశాల పరీక్షలో తప్పాయి. సరుకు వాడవద్దని ఆపి ఉంచారు. తర్వాత కేంద్ర ప్రయోగశాల పరీక్షలో అలాంటి బ్యాచ్‌లు ప్రమాణాలకు సరిపోయాయని రిపోర్టు వచ్చింది. ఆపి ఉంచిన సరుకులో కొంత తిరిగి వాడుకలోకి వచ్చింది. తల్లులు చనిపోయిన తర్వాత, నవంబరు నెలాఖరులో, కర్నాటక ప్రభుత్వం రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్‌ను సస్పెండ్ చేసింది. డిసెంబరులో ఆ కంపెనీని తయారీ ఆపమని పశ్చిమ బెంగాల్ అధికారులు ఆదేశించారు. అయినా 2025 జనవరిలో అక్కడి మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఒక బాలింత చనిపోయినప్పుడు, అదే కంపెనీ ద్రావణం ఇంకా వాడుతున్నారని బయటపడింది. ఆ మరణంలో డాక్టర్ల నిర్లక్ష్యం మీద కూడా విచారణ జరిగి కొందరు సస్పెండ్ అయ్యారు. కాబట్టి అన్ని మరణాలకూ ఒకటే కారణమని నేను చెప్పడం లేదు. ఒక శాఖ అనుమానించిన మందు, మరో శాఖ ఆపమన్న మందు, మంచం పక్కన స్టాండుకు వేలాడుతూనే ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

మందును చూసేది ఎవరు?

మన దేశంలో మందుల నాణ్యతకు ఆధారం 1940లో వచ్చిన ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం. దీని ప్రకారం మందుల ఫ్యాక్టరీకి ఎక్కువగా ఆ ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రమే లైసెన్సు ఇస్తుంది. మందు మాత్రం దేశమంతా అమ్ముకోవచ్చు. కొత్త మందులకు అనుమతి ఇవ్వడం వంటి పనులు ఢిల్లీలోని కేంద్ర సంస్థ చూస్తుంది. మందుల షాపులకు లైసెన్సు, తనిఖీ రాష్ట్రం పని. మన రాష్ట్రంలో ఔషధ నియంత్రణ శాఖ ఉంది. దాని కింద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు.

ఇన్‌స్పెక్టర్ షాపులోనో ఆసుపత్రి స్టోరులోనో శాంపిల్ తీస్తే దాన్ని భాగాలు చేసి సీలు వేస్తారు. ఒక భాగం ప్రభుత్వ ప్రయోగశాలకు పోతుంది. ఒకటి షాపు వారికి ఇస్తారు. ఒకటి కోర్టు కోసం ఉంచుతారు. అవసరాన్ని బట్టి ఒకటి తయారీదారుకు పంపుతారు. ప్రయోగశాలలో తప్పిన మందును 'ప్రమాణాలకు తగనిది' అని ప్రకటిస్తారు. రిపోర్టు అందిన 28 రోజుల్లోపు దాన్ని ఒప్పుకోమని చెప్పే హక్కు ఎదుటివారికి ఉంది. అప్పుడు కోర్టు ద్వారా కోల్‌కతాలోని కేంద్ర ఔషధ ప్రయోగశాలకు పంపవచ్చు. అక్కడి రిపోర్టే ఆఖరిది.

ఈ పద్ధతి న్యాయమైనదే. తప్పు చేయని కంపెనీకి కూడా రక్షణ కావాలి కదా. అయితే ఒక ద్రావణం బెంగాల్‌లో తయారై, కర్నాటకలో కొని, అక్కడ ఒక ప్రయోగశాలలో, మరెక్కడో ఇంకో ప్రయోగశాలలో పరీక్ష జరిగితే, ఎవరి ఫైలు వారి దగ్గర సక్రమంగానే ఉంటుంది. రోగి మాత్రం ఒక్కడే. ఆ ఫైళ్లన్నిటినీ ఒక్కచోట పెట్టి, రోగి వైపు నుంచి చదివేవారు కావాలి. పెద్దమ్మ అడిగింది అదే.

చార్టు నిండితే జ్వరం తగ్గినట్టా?

నర్సింగ్ స్కూలులో మాకు మొదట నేర్పేది టెంపరేచర్ చార్టు రాయడం. నాలుగు గంటలకోసారి జ్వరం చూసి చుక్క పెట్టాలి. కొత్త పిల్లలు చుక్కలు చాలా అందంగా పెడతారు. ఒకసారి ఒక అమ్మాయి రాత్రంతా వరుసగా 103 డిగ్రీలు రాసింది, డాక్టరును మాత్రం పిలవలేదు. పొద్దున నేను అడిగితే, "అన్ని పూటలా రాశాను కదా సిస్టర్" అంది. నిజమే, ఆమె రాసింది. చార్టులో ఖాళీ లేదు. రోగికి మాత్రం మేలు జరగలేదు.

ప్రభుత్వ తనిఖీ శాఖల్ని చూడడంలో కూడా ఈ రెండు కొలతలు ఉంటాయి. ఒకటి, చెప్పిన పని చెప్పిన వేళకు, ఉన్న మనుషులతో, డబ్బు వృథా కాకుండా చేశారా? ఇది పనితీరు. రెండు, ఆ పని వల్ల చెడ్డ మందు రోగి దాకా రాకుండా ఆగిందా? ఇది ఫలితం. మొదటిది బాగుండి రెండోది లేకపోవచ్చు. ఏడాదికి వెయ్యి శాంపిళ్లు తీయాలని లెక్క పెడితే, సులువుగా దొరికే జ్వరం మాత్రల శాంపిళ్లతో ఆ వెయ్యీ నింపవచ్చు. సెలైన్ బాటిళ్లు, ఇంజక్షన్లు, పసిపిల్లల సిరప్‌లు ముట్టుకోకుండానే లక్ష్యం పూర్తయినట్టు రాయవచ్చు.

ఇంకో మాట. ఏ జిల్లాలోనైనా నాసిరకం మందులు ఎక్కువ పట్టుబడ్డాయని పేపరులో వస్తే మనం భయపడతాం. నా అనుభవం వేరు. మందు ఇవ్వడంలో పొరపాట్లు 'సున్నా' అని నెల నెలా రాసే వార్డునే నేను ముందు అనుమానిస్తాను. మూడు పొరపాట్లు పట్టుకుని రాసిన వార్డులో వెతికే కళ్లు ఉన్నాయని అర్థం. తప్పు ఉండే అవకాశం ఉన్నచోట వెతికితే తప్పులు ఎక్కువే దొరుకుతాయి. అందుకని ఒక్క అంకె చూసి మెచ్చుకోకూడదు, తిట్టకూడదు. శాంపిల్ ఎక్కడ తీశారు, ఎందుకు అక్కడే తీశారు అని అడగాలి.

ఇన్‌స్పెక్టర్ల మీదనే నింద వేయడం కూడా న్యాయం కాదు. 2003లో డాక్టర్ మషేల్కర్ కమిటీ దేశంలో మందుల తనిఖీ వ్యవస్థను పరిశీలించి, ప్రతి 200 షాపులకు ఒక ఇన్‌స్పెక్టర్, ప్రతి 50 ఫ్యాక్టరీలకు ఒక ఇన్‌స్పెక్టర్ ఉండాలని సూచించింది. ప్రతి షాపునూ ఏడాదికి ఒకసారైనా తనిఖీ చేయాలని నిబంధన ఉంది. ఒక్క మనిషి చేతిలో 800 షాపులు ఉన్నాయనుకోండి. సెలవులు పోగా ఏడాదికి 250 పనిదినాలు. అంటే రోజుకు మూడు షాపులకు పైగా చూడాలి. మధ్యలో కోర్టు వాయిదాలు, శాంపిళ్లు, ఫిర్యాదులు, రిపోర్టులు. మా వార్డులో నలభై మంది రోగులకు రాత్రిపూట ఒకే నర్సు ఉంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కాబట్టి మంచి ఆడిట్ ఇన్‌స్పెక్టర్‌ను మాత్రమే ప్రశ్నించదు. ఖాళీ పోస్టులు నింపని ప్రభుత్వాన్ని కూడా ప్రశ్నిస్తుంది.

ఆ పైన చూసేవారు ఉన్నారు

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు, 'ఉన్నారు' అనే. మన రాజ్యాంగం 148వ అధికరణం ప్రకారం కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అనే పదవి ఉంది. పేపర్లలో 'కాగ్' అని రాస్తారు. కాగ్ ప్రభుత్వానికి లోబడి పనిచేసే అధికారి కాదు. లెక్కలు చూడడమే కాక, ఒక శాఖ తన పని సక్రమంగా చేసిందా, దానివల్ల ప్రజలకు ఫలితం దక్కిందా అని కూడా పరిశీలిస్తుంది. రాష్ట్రానికి సంబంధించిన రిపోర్టు గవర్నరుకు వెళ్లి, శాసనసభ ముందుకు వస్తుంది. అక్కడ పబ్లిక్ అకౌంట్స్ కమిటీ దాన్ని చర్చించి, అధికారుల్ని పిలిచి అడుగుతుంది.

ఉదాహరణకు మనం తినే నూనె, పాలు, పసుపు, కారం చూసుకోవలసిన ఆహార భద్రత వ్యవస్థపై 2017లో కాగ్ ఒక రిపోర్టు ఇచ్చింది. రాష్ట్రాల్లోని 72 ఆహార ప్రయోగశాలల్లో 65 ప్రయోగశాలలకు జాతీయ గుర్తింపు లేదని అందులో ఉంది. అంటే శాంపిల్ తీశారు, పరీక్ష చేశారు, రిపోర్టు ఇచ్చారు. కానీ ఆ రిపోర్టును ఎంతవరకు నమ్మవచ్చు? థర్మామీటరే సరిగా లేనప్పుడు చార్టులోని చుక్కకు విలువ ఏమిటి?

పార్లమెంటు కూడా చూస్తుంది. 2012 మేలో ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పనితీరుపై 59వ నివేదిక ఇచ్చింది. ఆ సంస్థ తన ఆశయంగా రాసుకున్న వాక్యంలో మందుల పరిశ్రమ అవసరాలు తీర్చడం గురించి ఉంది గానీ రోగి క్షేమానికి అందులో చోటు లేదని ఆ సంఘం తప్పుపట్టింది. ఎవరికోసం పనిచేస్తున్నామో మరచిపోతే, ఎంత చురుకుగా పనిచేసినా దారి తప్పినట్టే.

ముందే రాసిన హెచ్చరిక

అయితే రిపోర్టు రాసినంత మాత్రాన ప్రాణం నిలబడుతుందా? దీనికి ఒక బాధాకరమైన ఉదాహరణ మన పొరుగున తమిళనాడులో ఉంది.

2024 డిసెంబరులో తమిళనాడు ఆరోగ్య వ్యవస్థపై కాగ్ రిపోర్టు శాసనసభ ముందుకు వచ్చింది. ఔషధ తనిఖీలు లక్ష్యం కన్నా 2016-17లో 34 శాతం, 2020-21లో 40 శాతం తక్కువ జరిగాయని అందులో ఉంది. శాంపిళ్లు తీయడంలోనూ లోటు చూపించారు.

ఏడాది తిరగలేదు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రం ఆగిపోయి, కిడ్నీలు పాడై చనిపోయారు. ఇరవై మందికి పైగా చిన్నారులు. ఆ సిరప్ పేరు కోల్డ్రిఫ్. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో శ్రేసన్ ఫార్మాస్యూటికల్స్ అనే ఫ్యాక్టరీలో తయారైంది. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రయోగశాల తేల్చింది. అనుమతించే హద్దు 0.1 శాతం మాత్రమే.

ఇక్కడ రెండు విషయాలు చూడండి. మధ్యప్రదేశ్ నుంచి కబురు అందిన తర్వాత తమిళనాడు అధికారులు సెలవు రోజుల్లో కూడా పనిచేసి, రెండు మూడు రోజుల్లోనే శాంపిల్ తీసి, పరీక్ష చేసి, అమ్మకం ఆపించారు. అంటే తలచుకుంటే వేగంగా చేయగలరు. రెండోది, ఆ ఫ్యాక్టరీని అంతకు ముందు తనిఖీ చేయలేదన్న కారణంతో ఇద్దరు సీనియర్ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను ఆ ప్రభుత్వం సస్పెండ్ చేసింది. లోటు ఉందని కాగితం మీద ముందే ఉంది. లోటు ఉన్నచోటే పిడుగు పడింది. కాగ్ రాసిన లోటు వల్లనే ఈ మరణాలు జరిగాయని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ హెచ్చరిక రాసిన తర్వాత, 'ఆ లోటు పూడ్చారా?' అని ఆరునెలలకోసారి అడిగేవారు లేకపోతే ఆ రిపోర్టు ఎవరికీ పనికిరాదు.

ఇది కొత్త విషం కూడా కాదు. 1937లో అమెరికాలో ఇదే విషం కలిసిన మందు తాగి వంద మందికి పైగా చనిపోయారు. దాంతో అక్కడ 1938లో చట్టం మారింది. మందు అమ్మకానికి రాకముందే అది హాని చేయదని చూపించాలన్నారు. 1986లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో ఇదే విషం కలిసిన గ్లిజరాల్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపి, ఔషధ నియంత్రణ అధికారుల నిర్లక్ష్యాన్ని ఎండగట్టింది. 1986 నుంచి 2025కు 39 ఏళ్లు. విషం అదే, మనం నేర్చుకోవలసిన పాఠం కూడా అదే.

నా తప్పు ఒకటి

ఇతరుల గురించి ఇంత రాశాక నా గురించి రాయకపోతే న్యాయం కాదు.

చాలా ఏళ్ల కిందట, వేరే జిల్లాలో వేరే ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు రోగులకు సెలైన్ ఎక్కిస్తుండగా గంటలోపే చలి, వణుకు వచ్చాయి. మంచాలు కదిలేంత వణుకు. వెంటనే బాటిళ్లు తీసేశాను. డాక్టరుగారు వచ్చి మందులు ఇచ్చారు. ముగ్గురూ బతికారు. ఒక ముసలాయన మాత్రం పది రోజులు కోలుకోలేదు.

ద్రావణంలో సూక్ష్మజీవులు చేరి చనిపోయినా, వాటి నుంచి వచ్చే విషపదార్థం అందులో మిగిలిపోవచ్చు. వేడి చేస్తే జీవి చస్తుంది, విషం మాత్రం సులువుగా పోదు. కంటికి నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అందుకే ప్రయోగశాల పరీక్ష అవసరం.

పొద్దున రెండు బాటిళ్ల బ్యాచ్ నంబర్లు రాసి ఇచ్చాను. రెండూ ఒకటే బ్యాచ్. మూడో బాటిల్‌ను కంగారులో చెత్తబుట్టలో పడేశాను, నంబరు రాసుకోలేదు. మూడోది కూడా అదే బ్యాచ్ అయితే కారణం ఖాయమయ్యేది. కాకపోతే వేరే కారణం వెతకవలసి వచ్చేది. నా చేతులారా ఆ ఆధారం పోయింది.

మిగిలిన సరుకులోంచి శాంపిల్ తీసుకెళ్లారు. ఐదో నెలలో రిపోర్టు వచ్చింది: ప్రమాణాలకు తగనిది. అప్పటికి ఆ బ్యాచ్ బాటిళ్లు ఎక్కడెక్కడో ఎవరెవరికో ఎక్కించి అయిపోయాయి. ఆ ఆఫీసు రిజిస్టరులో చూస్తే శాంపిల్ తీసిన తేదీ ఉంది, పరీక్ష తేదీ ఉంది, రిపోర్టు పంపిన తేదీ ఉంది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. పని జరిగింది, ఫలితం మాత్రం లేదు.

అప్పటి నుంచి నేను బాధ్యత చూసే ప్రతి వార్డులో ఎక్కించే ప్రతి బాటిల్‌కూ బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన టైము, చలి వణుకు ఏమైనా వచ్చిందా అనే మూడు విషయాలు రిజిస్టరులో రాయిస్తున్నాను. ఆడిట్ అంటే ఢిల్లీలోనే మొదలవదు. మంచం పక్కన రాసిన ఒక నంబరుతోనే మొదలవుతుంది. ఆ నంబరు లేకపోతే పైన ఎంత పెద్ద అధికారి వచ్చినా చూసేదానికి ఏమీ ఉండదు.

మంచి ఆడిట్ అడగవలసిన ప్రశ్నలు

1. నిబంధన ప్రకారం చూడవలసిన షాపులు, ఫ్యాక్టరీలు ఎన్ని? చూసినవి ఎన్ని? చూడనివి ఏవి?
2. శాంపిళ్లు ప్రమాదం ఎక్కువ ఉన్న మందుల నుంచి తీశారా, సులువుగా దొరికేవాటి నుంచి తీశారా?
3. శాంపిల్ తీసిన రోజు నుంచి రిపోర్టు వచ్చేదాకా ఎన్ని రోజులు పట్టింది?
4. నాసి అని తేలిన తర్వాత ఆ బ్యాచ్‌లో ఎంత సరుకు వెనక్కి వచ్చింది? ఎంత అప్పటికే రోగుల ఒంట్లోకి వెళ్లిపోయింది?
5. కేసు పెట్టారా? ఏమైంది? అదే కంపెనీ మళ్లీ దొరికిందా?
6. కిందటి ఆడిట్ చెప్పిన లోట్లలో ఎన్ని పూడ్చారు?

వీటిలో నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. తీసిన శాంపిళ్ల సంఖ్య కన్నా, వెనక్కి తెచ్చిన బాటిళ్ల సంఖ్య రోగికి ముఖ్యం.

మనం చేయగలిగినవి

ఇవన్నీ పెద్దవారి పనులు, మనమేం చేస్తాం అనుకోవద్దు. మన వైపు నుంచి చేయగలిగినవి చాలా ఉన్నాయి.

* మందు కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకోండి. బిల్లులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయేమో చూడండి. లేకపోతే రాయించుకోండి. మందు అయిపోయేదాకా డబ్బా, స్ట్రిప్ పారేయవద్దు.

* మందు వాడిన తర్వాత ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, చలి వణుకు, పిల్లలకు మూత్రం తగ్గడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. వాడిన సీసా కూడా వెంట తీసుకురండి. ప్రతి వణుకూ మందు వల్లనే రాదు, మలేరియా కూడా కావచ్చు. సీసా ఉంటే డాక్టరుకు తేల్చడం సులువవుతుంది.

* మందు వల్ల హాని జరిగిందని అనుమానం వస్తే 1800-180-3024 అనే ఉచిత నంబరుకు మీరే ఫోన్ చేసి చెప్పవచ్చు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం నంబరు ఇది. ఈ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది.

* కొన్న మందు మీద అనుమానం ఉంటే జిల్లా ఔషధ నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద రసీదు తీసుకోండి. 1940 చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం మందు కొన్న ఎవరైనా నిర్ణీత ఫీజు కట్టి దాన్ని ప్రభుత్వ పరీక్షకు పంపి రిపోర్టు పొందవచ్చు. ఈ హక్కు ఉన్నట్టు చాలామందికి తెలియదు.

* చదువుకున్న యువకులు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, పైన రాసిన ఆరు ప్రశ్నల్లో మొదటి ఐదు మన జిల్లా గురించి అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కోపంగా రాయవద్దు. మర్యాదగా, తేదీలతో, సంఖ్యలతో అడగండి. అలాంటి ప్రశ్న నిజాయితీగా పనిచేసే ఇన్‌స్పెక్టర్‌కు కూడా బలమే. 'నాకు మనుషులు చాలరు' అని పైకి చెప్పడానికి ఆయనకు ఒక ఆధారం దొరుకుతుంది.

* సుగ్గికి పోయి వచ్చి ఒళ్లు నొప్పులని, నీరసమని ఒక గ్లూకోజు బాటిల్ పెట్టించుకోవడం మన వైపు అలవాటు. నోటితో తాగగలిగినవారికి చాలావరకు అది అక్కర్లేదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు లేదా ఓ.ఆర్.ఎస్., గంజి, మజ్జిగ చాలు. అక్కర్లేని బాటిల్ ఎక్కించుకుంటే అక్కర్లేని ప్రమాదం తెచ్చుకున్నట్టే.

* అలాగని డాక్టరు అవసరమని చెప్పిన బాటిల్‌ను భయంతో వద్దనవద్దు. రక్తం పోతున్న బాలింతకు, విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు అది ప్రాణం నిలుపుతుంది. భయం ఉంటే అడగండి. నంబరు చూపించమనండి. అడిగినందుకు మా సిస్టర్లు ఎవరైనా విసుక్కుంటే నాకు చెప్పండి.

ఆ పెద్దమ్మ సంగతి

ఆ రోజు ఆమెకు నేను చెప్పగలిగింది కొంచెమే. బాటిల్‌ను వెలుతురులో పెట్టి లోపల నలుసులు లేవని చూపించాను. మూత సీలు చూపించాను. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ గట్టిగా చదివి ఆమె ముందే రిజిస్టరులో రాశాను. అవే ఒక చీటీ మీద రాసి ఆమె చేతికి ఇచ్చాను. "పెద్దమ్మా, ఏమైనా తేడా వస్తే ఈ చీటీ ఉంటే చాలు, ఈ మందు ఎక్కడ పుట్టిందో పట్టుకోవచ్చు" అన్నాను. ఆమె చదువుకోలేదు. అయినా చీటీని రెండు మడతలు పెట్టి వక్కాకు తిత్తిలో దాచుకుని, "సరే, పెట్టు తల్లీ" అంది.

తల్లీ బిడ్డా ఎనిమిదో రోజు క్షేమంగా ఇంటికి వెళ్లారు. వెళ్లేటప్పుడు ఆమె తిత్తిలోంచి చీటీ తీసి, "ఇంక ఇది పారేయొచ్చునా సిస్టరమ్మా?" అని అడిగింది.

"కొన్నాళ్లు ఉంచుకో పెద్దమ్మా" అన్నాను.

మీరు కూడా ఉంచుకోండి.

మీ క్షేమం కోరే,
నర్సింగ్ సూపరింటెండెంట్